పెదవి కుట్టు ద్రాక్ష

ఫ్రాన్సుదేశపు దక్షిణతీరమున పులుపే పేరుగా, పులుపే ప్రతిష్ఠగా గల ద్రాక్షజాతి యొకటి కలదు. దాని పేరు పిక్‌పూల్. ‘పెదవిని కుట్టునది’ అని ఆ పేరునకు అచ్చటి జనులు అర్థము చెప్పుకొందురు. భాషావేత్తలు ఈ వ్యుత్పత్తిని అంగీకరించినను, అంగీకరింపకున్నను, ఆ ద్రాక్షతో చేసిన తెల్లని ఆసవమును ఒక గ్రుక్క త్రాగినవారు మాత్రము ఆ పేరు తగినదేయని ఒప్పుకొనక తప్పదు. పినే అను చిన్న గ్రామమును ఆశ్రయించి పెరుగుచున్నందున దానిని ‘పిక్‌పూల్ ద పినే’ అని పిలుచుచున్నారు.

ద్రాక్షాసవముల లోకమున మాధుర్యమునకు గౌరవము కలదు. సువాసనకు గౌరవము కలదు. పీపాలలోను సీసాలలోను ఏండ్ల తరబడి నిలిచి పక్వమగు గుణమునకు అన్నిటికంటె మిక్కిలి గౌరవము కలదు. పిక్‌పూల్‌కు ఈ మూడింటిలో ఏ ఒక్కటియు చెప్పుకోదగినంత లేదు. దానికున్నది పులుపొక్కటే. ఒకప్పుడు ఆ పులుపు చౌకసరకునకు గుర్తు. నేడు అదే పులుపు ఆరు గ్రామముల బ్రదుకుతెరువు. ఈ మార్పు ఎట్లు కలిగినదో తెలియవలెనన్నచో ద్రాక్షతోటలను చూచుట మాత్రము చాలదు. ఆ తోటల చెంతనున్న నీటిని, ఆ నీటిలో వ్రేలాడు ఆలిచిప్పలను గూడ చూడవలెను.

సరస్సు, తోటలు

లాంగ్‌డాక్ సీమలో, ఎరో మండలమున, మధ్యధరా సముద్రపు టొడ్డుననే థో అను ఉప్పునీటి సరస్సు కలదు. దాని పొడవు ఇంచుమించు 20 కిలోమీటర్లు; వైశాల్యము ఇంచుమించు 75 చదరపు కిలోమీటర్లు; సగటులోతు 5 మీటర్లకు లోపు. సముద్రమునకును సరస్సునకును నడుమ సన్నని ఇసుకదిబ్బ యొకటి అడ్డుగోడవలె సాగిపోవును. పులికాటు సరస్సును చూచిన తెలుగు పాఠకులకు ఈ అమరిక ఊహించుకొనుట కష్టము కాదు. ఆ ఇసుకదిబ్బకు తూర్పుకొనయందు సెత్ రేవుపట్టణమున్నది. ఫ్రెంచి మహాకవి పాల్ వలేరీ 1871లో ఆ పట్టణముననే జన్మించెను. 1945లో మరణించిన పిమ్మట అచ్చటనే, సముద్రమునకు అభిముఖముగా నున్న కొండవాలు శ్మశానమున సమాధి చేయబడెను.

సరస్సునకు ఉత్తర పశ్చిమ దిక్కుల నేల మెల్లగా మెట్టయెక్కును. సున్నపురాయి కలిసిన ఆ మెట్టనేలలలో పినే, మేజ్, ఫ్లొరాన్సాక్, పొమెరోల్, మొంతాన్యాక్, కాస్తెల్నో ద గేర్ అను ఆరు గ్రామముల పొలిమేరలు గలవు. పిక్‌పూల్ ద పినే అను పేరుతో అమ్మదగిన ద్రాక్షాసవము ఈ ఆరింటి తోటలనుండి మాత్రమే రావలెను. ఆ తోటల విస్తీర్ణము ఇంచుమించు 1500 హెక్టారులు. తోటల నడుమ దేవదారు జాతి వృక్షములు, ఎండకు ఓర్చు పరిమళపు పొదలు కనుపించును. తోటలో నిలుచున్నవానికి ఎదుట సరస్సు, దాని యావల సముద్రము కానవచ్చును.

ఈ సీమలో ద్రాక్ష నిన్న మొన్నటిది కాదు. సరస్సు టొడ్డున లూపియాన్ గ్రామమువద్ద రోమనుల కాలపు మహాభవన మొకటి త్రవ్వకములలో బయల్పడినది. రంగురాళ్లు పొదిగిన దాని గచ్చులు నేటికిని చూపరులను ఆకర్షించుచున్నవి. ఆ భవనపు యజమానులకు పెద్ద ద్రాక్షాసవపు కొట్టు ఉండెడిదని పురాతత్త్వజ్ఞులు నిరూపించిరి. పదునేడవ శతాబ్దిలో ఈ సీమ సరకునకు క్రొత్త దారి ఏర్పడెను. పియేర్ పాల్ రికే అను నతడు 1666లో త్రవ్వించ నారంభించిన కాలువ 1681లో పూర్తియై, తూలూజ్ నగరమునుండి 240 కిలోమీటర్లు ప్రవహించి ఈ థో సరస్సులోనే కలియుచున్నది. తన జీవితమును, ధనమును ఆ పనికే ధారపోసిన రికే, అది పూర్తియగుటకు ఒక యేడు ముందే, 1680లో, కన్ను మూసెను. సెత్ రేవు నిర్మాణము కూడ 1666లోనే మొదలైనది. కాలువయు రేవును కలిసి ఈ ప్రాంతపు ద్రాక్షాసవమునకు దూరదేశముల ద్వారములు తెరచినవి.

పులుపు నిలుచుట యెట్లు?

దక్షిణ ఫ్రాన్సున వేసవి తీవ్రము. ద్రాక్షపండు ఎండలో పక్వమగుకొలది చక్కెర హెచ్చును, ఆమ్లము తగ్గును. కనుక వెచ్చని సీమల తెల్ల ఆసవములు తరచుగా చప్పబడి, నాలుకపై బరువుగా తోచును. పిక్‌పూల్ ఇందుకు భిన్నము. ఇది ఆలస్యముగా పండు జాతి. వేడిలోను తన ఆమ్లమును చాలవరకు నిలుపుకొనును. పగటివేళ సముద్రపుగాలి తోటలను చల్లబరచును. వాయవ్యమునుండి వీచు ‘త్రమొంతాన్’ అను పొడిగాలి గుత్తులపై తడి నిలువనీయక తెగుళ్లనుండి కాపాడును.

ప్రకృతి యిచ్చిన ఈ గుణమును చెడగొట్టకుండుటయే ఆసవము చేయువాని విద్య. పండ్లను తరచుగా రాత్రివేళనో, తెల్లవారుజామునో కోయుదురు. చల్లగా నుండగనే పిండుదురు. తొక్కలను వెంటనే వేరుచేయుటచే వాటి వగరు రసములోనికి దిగదు. ఉక్కు తొట్లలో తక్కువ వేడిమియందు రసమును పులియబెట్టుదురు. కోత ముగిసిన కొన్ని మాసములకే సీసాలలో నింపుదురు. ఒకటి రెండు సంవత్సరముల లోపుననే దానిని త్రాగివేయుదురు. పసిమిలో పచ్చఛాయ, నిమ్మ వాసన, చివరకు నాలుకపై ఉప్పదనము వంటి రుచి దీని లక్షణములు.

ఆలిచిప్పతో పొత్తు

థో సరస్సున ఆలిచిప్పల పెంపకము విశిష్టమైనది. అట్లాంటిక్ తీరమున ఆటుపోటులు బలముగా నుండుటచే అచ్చటి ఆలిచిప్పలు దినమునకు కొంతసేపు నీటిలోను, కొంతసేపు గాలిలోను ఉండును. మధ్యధరా సముద్రమున ఆటుపోటులు లేనంత స్వల్పము. కనుక థో సరస్సున స్తంభములపై చట్రములను నిలిపి, వాటినుండి త్రాళ్లను నీటిలోనికి వ్రేలాడదీయుదురు. ఒక్కొక్క పిల్లచిప్పను సిమెంటుతో త్రాటికి అంటించుట ఇచ్చటి పద్ధతి. ఈ చేతిపని చూచుటకు పూలదండ గ్రుచ్చుట వంటిది. చిప్పలు ఎల్లవేళల నీటిలోనే యుండి ఆహారము గ్రహించుటచే అట్లాంటిక్ తీరపు చిప్పలకంటె త్వరగా పెరుగును. ఉత్తరపుటొడ్డుననున్న బూజిగ్ గ్రామము పేరిటనే ఈ ఆలిచిప్పలు ఫ్రాన్సున ప్రసిద్ధములు.

ఆలిచిప్పను ప్రాణముతో నుండగనే తెరచి, పచ్చిగా తినుట ఫ్రెంచివారి ఆచారము. డిసెంబరు పండుగ దినములలో వాటి అమ్మకము మిక్కుటము. దానిపై నిమ్మరసమో, సన్నగా తరిగిన ఉల్లి కలిపిన పుల్లని కాడియో చిలుకరింతురు. అనగా ఆలిచిప్ప స్వభావముననే పులుపును కోరుచున్నది. ఆ పులుపును పళ్లెమునుండి గాక పాత్రనుండి ఇచ్చుటయే పిక్‌పూల్ చేయు పని.

ఈ పొత్తునకు శాస్త్రకారణములు లేకపోలేదు. మొదటిది, ఉప్పు పులుపు తీవ్రతను నాలుకపై తగ్గించును. సముద్రజలముతో నిండిన ఆలిచిప్పను తిన్న పిమ్మట, కుట్టవలసిన ఆసవము కుట్టక హాయినిచ్చును. రెండవది, చేపల నీచువాసనకు హేతువైన క్షారపదార్థములను ఆమ్లము బంధించి, అవి ఆవిరిగా పైకి లేవకుండ చేయును. ఈ రహస్యము తెలుగు వంటయింటికి క్రొత్తది కాదు. చేపల పులుసునకు చింతపండే ప్రాణము. మరియొక విశేషమేమనగా, చింతపండు పులుపునకు ప్రధానకారణమైన టార్టారిక్ ఆమ్లమే ద్రాక్షపండునందును ప్రధానామ్లము. ఈ రెండు ఫలములందువలె ఆ ఆమ్లము విస్తారముగా నుండుట ఇతర ఫలములలో అరుదు. గోదావరి తీరపు కుండలోని పులుసును, థో తీరపు గాజుపాత్రలోని ఆసవమును చేపయెడల ఒకే రసాయనధర్మమును నెరవేర్చుచున్నవి.

మూడవ కారణము ఎఱ్ఱని ఆసవములను పోల్చిచూచినచో తెలియును. చేపతో ఎఱ్ఱని ఆసవము పొసగదని పెద్దలు చెప్పుచుండెడివారు గాని కారణము స్పష్టముగా నెరుగరు. 2009లో జపానుదేశపు పరిశోధకులు ప్రకటించిన అధ్యయనము, ఆసవములో కరగియున్న ఇనుము సముద్రాహారముతో కలిసినపుడు నోట నీచురుచి పుట్టించుచున్నదని చూపినది. ఇనుము మిక్కుటముగా నున్న ఆసవములు తరచుగా ఎఱ్ఱనివి. పెద్దల అనుభవమునకు ప్రయోగశాల ఆలస్యముగా సాక్ష్యము పలికినది.

ఆలిచిప్ప యొక్కటియే కాదు, ఆ తీరపు వంటకములు పెక్కింటికి ఈ ఆసవము తోడు. కత్తిరించిన ద్రాక్షకొమ్మల మంటపై ‘మూల్’ అను నల్లని చిప్పలను కాల్చి, మూలికలు వేసిన నూనె చిలుకరించి, బంధుమిత్రులందరు చుట్టుచేరి తినుట ఈ సీమ వేడుక. ‘బ్రజుకాద్’ అని దాని పేరు. తోటయే వంటచెరకు నిచ్చును, తోటయే పానీయము నిచ్చును, సరస్సు భోజన మిచ్చును. సెత్ పట్టణమున ‘తియెల్’ అను గుండ్రని రొట్టె ప్రసిద్ధము. టమాటతోను, సంబారములతోను వండిన ఆక్టోపసు ముక్కలను పిండిలో పొదిగి కాల్చుదురు. ఇటలీదేశపు గయేటా రేవునుండి వలసవచ్చిన జాలరులు దానిని తెచ్చిరి. ‘బుర్రిద్’ అను చేపవంటకమున వెల్లుల్లి, గ్రుడ్డుసొన, ఆలివు నూనెలను కలిపి గిలకొట్టిన చిక్కని మిశ్రమము చేరును. ఆ నూనెజిడ్డును పిక్‌పూల్ పులుపు కోసివేసి, తరువాతి ముద్దకు నోటిని సిద్ధపరచును. సెవెన్ కొండలనుండి వచ్చు ‘పెలార్దోన్’ అను మేకపాల జున్ను దీనికి మరియొక నేస్తము.

పొసగనివి కూడ కలవు. ఎఱ్ఱని ఆసవములో గంటలకొలది ఉడికిన గోమాంసము ముందు ఇది వెలవెలబోవును. తీపి పదార్థముతో తీసికొన్నచో చక్కెర దీని పులుపును ఇనుమడింపజేసి నోటిని ముడిచివేయును. ఏది దేనితో కూడునో నిర్ణయించునది ధర కాదు, కీర్తియు కాదు, రుచుల పరస్పరధర్మము.

పురుగు, తిరుగుబాటు

ఈ సుఖభోజనపు చిత్రము వెనుక కష్టచరిత్ర యొకటి దాగియున్నది. పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధమున దక్షిణ ఫ్రాన్సు ద్రాక్షతోటలు కారణము తెలియక వాడి చచ్చుచుండెను. 1868 జూలైలో మోంపెలియే ఆచార్యుడు జ్యూల్ ఎమీల్ ప్లాంషోన్, తన సహచరులతో గూడి వేళ్లను త్రవ్విచూచి, పేనువంటి సూక్ష్మమైన పురుగును కనుగొనెను. అదియే ఫిల్లాక్సెరా. అమెరికానుండి మొక్కలతోపాటు వచ్చిన ఆ పురుగునకు అమెరికా ద్రాక్షవేళ్లు తట్టుకొనగలవు. కనుక అమెరికా వేరుమొక్కపై ఫ్రెంచి కొమ్మను అంటుకట్టుటయే పరిష్కారమైనది. శత్రువు వచ్చిన దేశమునుండియే మందు కూడ వచ్చినది.

ఇసుకనేలలలో ఆ పురుగు బ్రదుకజాలదు. ఈ కారణమున తీరపు టిసుకలలో ద్రాక్షసాగు హెచ్చినది. అచ్చట పిక్‌పూల్‌కు చోటు దొరకినది. అయినను దాని పేరు సీసాపై కానరాలేదు. సరస్సు టొడ్డుననున్న మర్సెయాన్ రేవులో పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమునుండి నువాయి ప్రాట్ అను సంస్థ మూలికలు కలిపిన ‘వెర్మూత్’ను తయారుచేయుచున్నది. అందుకు పిక్‌పూల్, క్లారెత్ వంటి స్థానిక తెల్ల ఆసవములే మూలపదార్థములయ్యెను. పీపాలను ఆకాశము క్రింద ఎండకు, వానకు, సముద్రపుగాలికి సుమారు ఒక యేడు విడిచిపెట్టుట అచ్చటి పద్ధతి. పీపాలో చేరిన పిదప రైతు పేరును, గ్రామము పేరును ఎవరికి కావలెను?

లాంగ్‌డాక్ సీమ మొత్తము అట్టి పేరులేని సరకునకే అలవాటుపడెను. పంట పెరిగినకొలది ధర పడిపోయెను. చక్కెర కలిపి చేసిన నకిలీ ఆసవములు రైతు నోట మన్ను కొట్టెను. 1907లో మార్సలాన్ అల్బేర్ అను గ్రామీణుడు నాయకుడుగా మహోద్యమము చెలరేగెను. ఆ సంవత్సరము జూన్ 9వ తేదీన మోంపెలియే నగరమున 5 లక్షలమంది కూడిరని చెప్పుదురు. నార్బన్ పట్టణమున సైనికులు కాల్పులు జరుపగా ప్రాణనష్టము సంభవించెను. రైతుబిడ్డలే అధికముగాగల 17వ పదాతిదళము తమవారిపై తుపాకి ఎత్తుటకు సమ్మతింపక తిరుగబడెను. ఆ నెలలోనే కల్తీని అరికట్టు చట్టము వెలువడినది.

రైతులు సహకారమార్గమును గూడ అవలంబించిరి. ఈ మండలములోనే మరొసాన్ గ్రామమున 1901లో సహకార ఆసవశాల వెలసినది. 1905లో సోషలిస్టు నాయకుడు జాన్ జోరెస్ దానిని దర్శించెను. పినే ప్రాంతమున నేటికిని ఆసవములో అత్యధికభాగము సహకారశాలలనుండియే వచ్చుచున్నది. నాలుగైదు హెక్టారుల చిన్నరైతు తన పండ్లను తెచ్చి అందరి పండ్లతో కలుపుట, లాభమును పంచుకొనుట అచ్చటి విధానము.

పేరు సంపాదించుట

ఇరువదవ శతాబ్ది ద్వితీయార్ధమున క్రొత్త సంకటము వచ్చినది. ఫ్రెంచివారు త్రాగుట తగ్గించిరి. పూర్వము ద్రాక్షాసవము అచ్చట మంచినీటివలె భోజనమున భాగము. పాఠశాల భోజనశాలలలో సైతము పిల్లలకు దానిని పోయుచుండెడివారనిన నేటి ఉపాధ్యాయులకు ఆశ్చర్యము కలుగవచ్చును. 14 ఏండ్ల లోపు బాలురకు పోయుట 1956లో నిషేధింపబడెను; ఉన్నతపాఠశాలలలో 1981లో ఆగెను. మద్యప్రకటనలపై 1991లో కఠినమైన చట్టము వచ్చెను. 1960 ప్రాంతమున మనిషికి సాలుకు 100 లీటర్లకు మించి ఖర్చగుచుండ, నేడు అందులో సగము కూడ లేదు. ప్రజారోగ్యమునకు ఇది మేలే. కాని చౌకసరకునే నమ్ముకొన్న లాంగ్‌డాక్‌న లక్షల హెక్టారుల తోటలు పెరికివేయబడెను.

ఆ విపత్తులో నిలిచినవి ఏవి? తమ పేరుతో, తమ రుచితో నిలువగలిగినవి మాత్రమే. ఒక పదార్థము పుట్టినచోటి పేరు ఆ చోటివారికే చెందవలెనను సూత్రముపై ఫ్రాన్సు 1935లో ఒక వ్యవస్థ నేర్పరచెను. ఆ వ్యవస్థలో పినే గ్రామస్థులు మెట్టు మెట్టుగా ఎక్కిరి. 1990ల దశాబ్దమున తమకొక ప్రత్యేకమైన పొడవాటి పచ్చసీసాను నిర్ణయించుకొనిరి. 2013లో పిక్‌పూల్ ద పినే స్వతంత్రమైన జన్మస్థాన నామమును పొందినది. తెల్ల ఆసవము మాత్రమే, అదియు ఒక్క ద్రాక్షజాతితో మాత్రమే, అను నిబంధన అందులో నున్నది. మేటి ఆసవములను అనుకరించుటకు వారు ప్రయత్నింపలేదు. తమ ఆలిచిప్పలకు తమ ఆసవమే తగినదను సామాన్యసత్యమును లోకమునకు చెప్పిరి. ఇంగ్లండు భోజనశాలలలో గూడ దానికి ఆదరణ లభించినది.

ఎండయను పరీక్ష

ఇప్పుడు పరీక్ష ఆకాశమునుండి వచ్చుచున్నది. 2019 జూన్ 28వ తేదీన ఎరో మండలములోని వెరార్గ్ గ్రామమున ఉష్ణోగ్రత 46 డిగ్రీలకు చేరినది. ఫ్రాన్సు చరిత్రలో అంతటి వేడిమి అంతకుముందు నమోదు కాలేదు. ఆ దినమున ఈ సీమలో పలుచోట్ల ద్రాక్షాకులు, పిందెలు మంటసోకినట్లు మాడిపోయెను. వేడి హెచ్చినకొలది పండు తొందరపడును. తొందరపడిన పండులో చక్కెర పెరిగి, ఆమ్లము తరుగును. ఇతర ద్రాక్షలకు పులుపు తగ్గుట ఒక లోపము. పిక్‌పూల్‌కు అది ప్రాణహాని. ఎండలోను పులుపును నిలుపుకొను స్వభావమే ఇంతవరకు దానిని కాపాడుచున్నది. ఆ స్వభావమునకు గూడ హద్దు లేకపోదు.

సరస్సు కష్టము కూడ అట్టిదే. గాలి లేని వేసవిదినములలో నీరు మిక్కిలి వేడెక్కి, అందలి ప్రాణవాయువు క్షీణించి, నీరు పాలవలె తెల్లబారును. ‘మలైగ్’ అని అచ్చటివారు దానికి పెట్టిన పేరు. చెడ్డనీరు అని అర్థము. 2018 వేసవిలో అట్టి చెడ్డనీరు వ్యాపించి ఆలిచిప్పలకు, మూల్ చిప్పలకు అపారనష్టము కలుగజేసెను. త్రాళ్లకు ఒక్కొక్కటిగా అంటించిన శ్రమ కొన్ని దినములలో వ్యర్థమయ్యెను. తోటలో తెగుళ్లను పారద్రోలు గాలియే సరస్సును కలచి నీటికి ప్రాణవాయువు నందించును. గాలి నిలిచి ఎండ కాసినచో రెండింటికిని కీడే. పళ్లెములో కలిసిన ఆ రెండును ప్రమాదములో గూడ కలిసియే యున్నవి.

అందుచేత పినే రైతు తోటనుండి క్రిందికి చూచునపుడు ఆ నీరు అతనికి కేవలము అందమైన దృశ్యము కాదు. సరస్సులో చిప్ప చచ్చిన యేడు అతని సీసాకు తోడు తగ్గును. తోటలో పులుపు తగ్గిన యేడు చిప్పలవాని పళ్లెమునకు తోడు తగ్గును. ఒకరి పంట మరియొకరి పంటకు రుచి. ఒక గ్రామపు సామాన్యమైన పుల్లని పానీయము నేర్పు పాఠ మిదియే: ఏ పదార్థపు విలువయు దానియందే పూర్తిగా నుండదు, ఏ పదార్థముతో, ఏ నేలపై, ఏ నీటిచెంత అది కూడుచున్నదో దానిని బట్టి యుండును. నాణెమునకు కొరగాదని ఒకనాడు త్రోసివేయబడిన పులుపు, తగిన తోడు దొరకినంతనే ఆరు గ్రామములను నిలిపినది. ఆ తోడును కాపాడుకొనుట అచ్చటి రెండు వృత్తులవారికిని ఇప్పుడు ఒక్కటే పని.